డెబ్బై ఏళ్ల ముల్కనూరుకు జమ్మికుంట నుంచి శనార్తులు

1956లో ముల్కనూరు చుట్టుపక్కల 14 ఊళ్ల రైతులు 373 మంది ఒక్కటై, 2,300 రూపాయల వాటాధనం పోగుచేసి సహకార సంఘం పెట్టుకున్నారు. లెక్క కడితే తలా ఆరు రూపాయల పైచిల్లర. ఆ సంఘానికి ఈ 2026తో డెబ్బై ఏళ్లు. కాగితం మీద దాని పేరు ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం. జనం నోట్లో మాత్రం ఎప్పటి నుంచో ‘ముల్కనూరు బ్యాంకు’. ఆ బ్యాంకుకు, దాన్ని డెబ్బై ఏళ్లు నిలబెట్టిన తాతలకు, తండ్రులకు, ఇప్పుడు నడిపిస్తున్న పిల్లలకు జమ్మికుంట వాళ్ల తరఫున నిండు మనసుతో అభినందనలు.

జమ్మికుంట నుంచి హుజూరాబాద్ మీదుగా పోతే ముల్కనూరు మాకు పొరుగే. 2016 అక్టోబర్ దాకా మాదీ వాళ్లదీ ఒకటే కరీంనగర్ జిల్లా. జిల్లాల విభజనలో భీమదేవరపల్లి మండలం వరంగల్ వైపు వెళ్లింది, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినంత మాత్రాన చుట్టరికాలు మారవు. మా ఇండ్ల ఆడపిల్లలు అక్కడ కోడళ్లయ్యారు, అక్కడి పిల్లలు మా దగ్గర చదువుకున్నారు. పీవీ నరసింహారావు గారి వంగర ఆ మండలంలోనిదే. సంక్రాంతికి వీరభద్రస్వామి జాతర జరిగే కొత్తకొండ కూడా అక్కడిదే. ఆ మండలం నుంచి దేశానికి తెలిసిన మూడో పేరు ముల్కనూరు.

అభినందన అంటే పూలదండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి చేతులు దులుపుకోవడం కాదని నా నమ్మకం. పొరుగూరు పండుగ చేసుకుంటుంటే, వాళ్లు ఏం చేసి ఇంతదూరం వచ్చారో అడిగి తెలుసుకోవాలె. మన ఊళ్లో ఉన్న ఉమ్మడి ఆస్తిని ఆ వెలుగులో చూసుకోవాలె. అందుకే ఈ వ్యాసం సగం ముల్కనూరు గురించి, సగం మన ఊళ్లలోని కమ్యూనిటీ హాళ్ల గురించి.

1956 నాటి పల్లెను ఒకసారి తలుచుకుందాం. పోలీసు చర్య జరిగి ఎనిమిదేండ్లు. సాయుధ పోరాటం ఆగి ఐదేండ్లు. కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది గానీ, భూమి కాగితం చేతికొచ్చిన రైతుకు కూడా విత్తనం కొనే పైసలు ఎక్కడివి? సావుకారు దగ్గరికి పోవాలె. తెలంగాణలో నాగు అనే పద్ధతి ఉండేది. విత్తనాలకో తిండికో వడ్లు తెచ్చుకుంటే, పంట రాగానే ఒకటికి ఒకటిన్నర, కొన్ని చోట్ల ఒకటికి రెండు కొలిచి ఇయ్యాలె. కల్లంలో రాశి పోసిన నాడే సగం రాశి పోయేది. రిజర్వు బ్యాంకు 1951-52లో దేశమంతటా గ్రామీణ రుణాల మీద సర్వే చేయించింది. 1954లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం రైతుకు పుట్టిన అప్పులో సహకార సంఘాల వాటా 3.1 శాతం. వడ్డీ వ్యాపారులది దాదాపు 70 శాతం. పుస్తకాల్లో సహకార చట్టం 1904 నుంచీ ఉంది. పల్లెలో మాత్రం సావుకారే ఉన్నాడు.

అలాంటి రోజుల్లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు ఊరూరూ తిరిగి రైతులను కూడగట్టారు. అప్పుడు దేశంలో సహకార సంఘాలకు కొదవలేదు, పుట్టినవి పుట్టినట్టే మూతపడేవి. ముల్కనూరు నిలబడింది. ఎందుకు నిలబడిందన్నదే ఈ డెబ్బై ఏళ్ల కథలో అసలు ముచ్చట.

ఒక్క అప్పు ఇచ్చి ఊరుకునే సంఘానికి ఆయుష్షు తక్కువ. రైతు అప్పు తెచ్చి ఎరువు ఇంకెక్కడో కొంటాడు, పంట ఆడ్తిదారుకు వేస్తాడు, చేతికొచ్చిన పైసలు పెండ్లికో పండుగకో పోతాయి. సంఘం బాకీ అట్లనే ఉంటుంది. ముల్కనూరు వాళ్లు ఈ ముడిని మొదట్లోనే విప్పారు. అప్పు ఇచ్చేది సంఘమే, ఎరువు, విత్తనం, మందు ఇచ్చేది సంఘమే, వడ్లూ పత్తీ కాంటా పెట్టి కొనేదీ సంఘమే. అమ్మిన సొమ్ములోంచి బాకీ పట్టుకొని మిగతాది రైతు ఖాతాలో వేస్తుంది. ఊరి మీదికి వసూలు జీపు రావలసిన పని లేదు, తలుపు గుంజుకపోయే పని అంతకన్నా లేదు. పంట మంచి ధరకు అమ్ముడుపోతేనే సంఘానికి బాకీ వస్తుంది కాబట్టి, మంచి ధర తేవడం సంఘానికే అవసరమైంది. రైతు మేలూ సంఘం మేలూ ఒకే తక్కెడలో పడ్డాయి. తర్వాత రైస్ మిల్లు వచ్చింది, జిన్నింగ్ మిల్లు వచ్చింది, పెట్రోలు బంకు, సూపర్ మార్కెట్ వచ్చాయి. ఇవన్నీ సొంత సభ్యుల అవసరం చూసి ఒక్కొక్కటిగా పెట్టుకున్నవి.

ముల్కనూరు పనుల్లో నన్ను ఎక్కువ ఆకట్టుకునేది వరి విత్తనోత్పత్తి. ఈ పని హుజూరాబాద్, జమ్మికుంట, శంకరపట్నం, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి ఊళ్లకు బాగా తెలుసు. హైబ్రిడ్ వరి విత్తనం పండించే యాసంగి పొలాన్ని ఒకసారి దగ్గరగా చూడాలె. మగ వరుసలు రెండు, ఆడ వరుసలు ఎనిమిది, మళ్లీ మగ వరుసలు రెండు, ఇట్ల నాటుతారు. రెండూ ఒకేసారి పూతకు రావాలె గనుక నారు వేరువేరు రోజుల్లో పోస్తారు. ఆడ మొక్క ఎన్ను పొట్టలోనే సగం ఉండిపోతుంది, అది బయటికి రావడానికి జిబ్బరెల్లిక్ యాసిడ్ పిచికారి చేస్తారు. పూత మీద పొద్దెక్కేవేళ ఇద్దరు మనుషులు రెండు గట్ల మీద నిలబడి తాడు పట్టుకొని మగ వరుసల మీదుగా గుంజుతారు. పుప్పొడి లేచి పక్క వరుసల మీద పడుతుంది. పూతకాలం అయ్యేదాకా రోజూ ఈ పని తప్పదు. బెరుకు మొక్క ఒక్కటి కనబడినా పీకెయ్యాలె.

ఇదంతా ఒక రైతు ఒంటరిగా చేయగలడు. చేయలేనిది ఒకటుంది. విత్తనపు మడి చుట్టూ కనీసం 100 మీటర్ల మేర వేరే వరి అదే సమయంలో పూతకు రావద్దు. నాకున్నది ఎకరం, పక్క ఎకరం ఇంకొకరిది. ఆయన నాతో కలిసి రాకపోతే నా విత్తనం పనికిరాదు. అంటే ఒక వాడకట్టు పొలాలన్నీ ఒకే మాట మీదికి రావాలె. ఆ మాట ఎక్కడ కుదరాలె? రైతులు కూర్చొని, గట్టిగా వాదించుకొని, చివరికి సరే అని లేచే జాగా ఒకటి ఉండాలె. సంఘం వాళ్లకు ఆ జాగా అయింది. విత్తనం ధర, కంపెనీతో ఒప్పందం, మొలకశాతం తగ్గితే నష్టం ఎవరిదన్న పంచాయితీ, ఇవన్నీ ఒక్కొక్క రైతు ఒక్కొక్క కంపెనీ మనిషితో తలపడితే తేలేవి కావు. విత్తనపు వడ్ల ధర విషయంలో మా ఊళ్ల రైతులు ఎన్ని ఇబ్బందులు పడ్డారో తెలిసిన వాళ్లకు ముల్కనూరు విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంకో గొప్ప మలుపు 2000 సంవత్సరంలో వచ్చింది. సహవికాస సంస్థ తోడ్పాటుతో అంతకుముందే ఆ ఊళ్లలో ఆడవాళ్లు నెలనెలా కొంత కొంత దాచుకుంటూ పొదుపు సంఘాలు నడుపుతున్నారు. ఆ పొదుపు లెక్కలు రాయడంలో చేయి తిరిగిన అక్కలే ముల్కనూరు మహిళా సహకార డెయిరీని పెట్టుకున్నారు. స్వకృషి అనే పేరుతో దాని పాలు, పెరుగు మన పట్టణాల్లో దొరుకుతాయి. పాలు పోసేది ఆడవాళ్లు, ఓటు వేసేది ఆడవాళ్లు, పాలకవర్గంలో కూర్చునేది ఆడవాళ్లు, అధ్యక్షురాలూ ఆడమనిషే. పొద్దుగాల చెంబు పట్టుకొని కేంద్రానికి వచ్చిన అవ్వ తన పాలలో వెన్న శాతం ఎంతో చూసుకుంటుంది, చీటీ తీసుకుంటుంది. ఏడాది చివర మిగులు ఉంటే పోసిన పాలను బట్టి బోనస్ వస్తుంది. బర్రె మేత, చాకిరీ ఎప్పుడూ ఆమెవే. డెయిరీ వచ్చాక పాల పైసలు కూడా ఆమె చేతికే వచ్చాయి. ఇంట్లో ఆమె మాటకు విలువ పెరిగిందంటే దాని వెనక ఆ చీటీ ఉంది.

ఈ రెండు సంఘాలకు బలమిచ్చింది 1995లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. మ్యాక్స్ చట్టమని అందరూ పిలిచేది దాన్నే. దేశంలో ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. అంతకు ముందు సంఘాల్లో సర్కారు వాటా ఉండేది, దాని వెంబడే సర్కారు అధికారం ఉండేది. పాలకవర్గాన్ని రద్దు చేసి ఒక అధికారిని కూర్చోబెట్టడం మామూలైపోయింది. కొత్త చట్టం కింద సర్కారు వాటాధనం లేదు, సంఘం మీద పెత్తనమూ లేదు. దానికి బదులు సభ్యుల మీద బరువు పెట్టింది. ఏటేటా సర్వసభ్య సమావేశం జరపాలె. ఆడిట్ అయిన లెక్క సభ్యుల ముందు పెట్టాలె. మిగులు వస్తే ఎట్ల పంచుకుంటారో, లోటు వస్తే కూడా సభ్యులు అట్లనే భరించాలె. స్వేచ్ఛ అడిగిన వాళ్లకు బాధ్యతా అప్పగించింది. ఇంతకన్నా న్యాయమైన ఒప్పందం నాకు తోచదు.

సహకారం అనేది మన దగ్గరే పుట్టింది కాదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది పనివాళ్లు కలిసి చిన్న దుకాణం తెరిచారు. 1860ల్లో జర్మనీ పల్లెల్లో రైఫైజన్ రైతుల అప్పు సంఘాలు పెట్టించాడు. ఐక్యరాజ్యసమితి 2025ను అంతర్జాతీయ సహకార సంవత్సరంగా జరిపింది. ఆ వరుసలో ముల్కనూరు పేరు ధైర్యంగా చెప్పుకోవచ్చు.

ఇక మన ఊరి హాలు దగ్గరికి వద్దాం.

ఊరుమ్మడి ఇల్లు ఒకటి ఉండాలన్న ఆశ తెలంగాణలో పాతదే. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. దానికీ ఈ ఏడాదే 125 ఏళ్లు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. పేరుకు గ్రంథాలయాలు గానీ, జనం కలుసుకోవడానికి, మాట్లాడుకోవడానికి దొరికిన తొలి గదులు అవే. నిజాం కాలంలో సభ పెట్టుకోవాలంటే ముందస్తు అనుమతి కావాలె. గస్తీ నిషాన్ తిర్పన్ అనే ఆ ఉత్తరువు పేరు మా పెద్దల నోట ఇప్పటికీ వినబడుతుంది. 1935లో సిరిసిల్లలో నాలుగో ఆంధ్ర మహాసభ జరిగిందంటే, అన్ని ఆంక్షల నడుమ నలుగురు ఒకచోట కూర్చోవడానికి ఎంత పట్టుబట్టారో అర్థం చేసుకోవాలె. వాళ్లకు గది దొరకలేదు, దొరికిన నాడు విడువలేదు.

మనకు గదులు దొరికాయి. జమ్మికుంట చుట్టూ ఊళ్లు తిరిగి చూడండి. పంచాయతీ ఆఫీసు ఉంది. ఎమ్మెల్యే నిధులతోనో ఎంపీ నిధులతోనో కట్టిన కమ్యూనిటీ హాలు ఉంది. మహిళా సంఘం భవనం ఉంది. కుల సంఘాల భవనాలు ఉన్నాయి. 2020లో రాష్ట్రమంతా ఐదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున 2,601 రైతువేదికలు కట్టారు, మొదటిది ఆ అక్టోబర్ 31న జనగామ జిల్లా కొడకండ్లలో తెరిచారు. కట్టడానికి లోటు రాలేదు. కట్టిన తర్వాత ఎవరు ఊడ్వాలె, కరెంటు బిల్లు ఎవరు కట్టాలె, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలె అన్నది తేల్చకపోవడమే మన లోటు. శంకుస్థాపన శిలాఫలకం మీద పది పేర్లు ఉంటాయి. ఫ్యాను కాలిపోయిన నాడు అడుగుదామంటే ఒక్క పేరూ ఉండదు. ఏడాదికోసారి ఓట్ల పెట్టెల కోసమో కంటి పరీక్షల కోసమో తెరుస్తారు. మిగతా రోజులు గేటు ముందు వడ్లు ఆరబోస్తారు. 2024లో వ్యవసాయ శాఖ రైతునేస్తం పేరిట వీడియోలో రైతులతో మాట్లాడే కార్యక్రమం మొదలుపెట్టింది. అట్ల కొన్ని రైతువేదికల్లో జనం మళ్లీ కూర్చుంటున్నారు. అది మంచి మార్పు. కానీ పైనుంచి కార్యక్రమం వచ్చిన రోజే తలుపు తెరుచుకుంటే అది ఇంకా మన ఇల్లు కానట్టే.

హాలు బతకాలంటే అందులో నెలకో పని కాదు, వారానికి నాలుగు పనులు జరగాలె. మంగళవారం మహిళా సంఘం సమావేశం ఉండొచ్చు. గ్రూప్స్‌కో కానిస్టేబుల్ పరీక్షకో చదువుకునే పిల్లలకు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక మూల, నాలుగు బల్లలు, మంచి వెలుగు ఇస్తే వాళ్లు హైదరాబాద్ స్టడీ హాళ్లకు కట్టే పైసలు మిగులుతాయి. పెండ్లి చూపులు, ఎంగేజ్‌మెంటు, నామకరణం, దినాలు, ఇవన్నీ ఇప్పుడు ఫంక్షన్ హాళ్లకు పోతున్నాయి. వానాకాలం ఎవరైనా చనిపోతే దినాలు చేయడానికి శామియానా కింద తడిసే ఇండ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అలాంటి ఇంటికి ఊరి హాలు దొరికితే, అక్కడ గంజులు, గంటెలు, బల్లలు కిరాయికి ఉంటే ఆ కుటుంబానికి వేల రూపాయల భారం తప్పుతుంది. అప్పు చేసి పెద్దకర్మ చేయవలసిన అవసరం ఒక్క ఇంటికి తప్పినా ఆ హాలు కట్టిన ఖర్చు గిట్టుబాటైనట్టే.

దీనికి నడిపే పద్ధతి కావాలె, ఆ పద్ధతి ముల్కనూరులో ఉంది. కిరాయి ఎంతో గోడ మీద రాసి ఉండాలె. ఊరి వాళ్లకు ఒక ధర, బయటి వాళ్లకు ఒక ధర. పేదింటికి తగ్గిస్తే, ఎంత తగ్గించామో ఎందుకు తగ్గించామో పుస్తకంలో ఎక్కాలె. కార్యం అయ్యాక ఊడ్చి అప్పగిస్తేనే తిరిగిచ్చే ధరావతు ఒకటి ఉండాలె. తాళంచెవి ఒక్క మనిషి చేతిలో ఉంటే హాలు ఆ మనిషిదైపోతుంది. ఇద్దరి దగ్గర ఉంచాలె, ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి కావాలె. ఎందుకంటే హాలు ఎప్పుడు తెరిచి ఉంటే ఆడవాళ్లు రాగలరో ఆడమనిషికే తెలుస్తుంది. అదే కారణంగా, రంగులు వేయడానికి ముందు మూత్రశాల బాగుచేయాలె. నీళ్లు లేని మూత్రశాల ఉన్న హాలుకు ఆడవాళ్లు గంటకు మించి రారు. ముసలివాళ్లు ఎక్కడానికి మెట్ల పక్కన ఒక వాలు కట్టాలె. ఇవన్నీ పెద్ద నిధులు అడిగే పనులు కావు.

కుల భవనాల గురించి ఒక మాట. పద్మశాలీలు, గొల్ల కురుమలు, మున్నూరు కాపులు, మాదిగ, మాల కులస్థులు తమ భవనాలు తాము కట్టుకోవడంలో తప్పు లేదు. ఊరిలో తమకు జాగా లేదనిపించిన వాళ్లు తమ గడప తాము కట్టుకున్నారు, ఆ ఆత్మగౌరవాన్ని కాదనడానికి ఎవరికీ హక్కు లేదు. కానీ ఊరి సొమ్ముతో కట్టిన హాలులో ఏ ఇంటి పెండ్లి అయినా అదే కిరాయికి, అవే గంజులతో జరగాలె. అది జరగని ఊర్లో ఆ హాలును ఊరి హాలు అనడానికి నాకు మనసు రాదు. ముల్కనూరు కాంటా తన ముందుకొచ్చిన బస్తా ఏ కులం వాళ్లదో చూడదు, తూకమే చూస్తుంది. హాలు కూడా అట్లనే నడవాలె.

చట్టం మన చేతికి ఒక ఆయుధం ఇచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి, అంటే ఏడాదికి కనీసం 6 సార్లు జరగాలె. అందులో ఐదు నిమిషాలు హాలు లెక్కకు ఇస్తే చాలు. ఈ రెండు నెలల్లో ఎన్ని రోజులు తెరిచాం, కిరాయి ఎంత వచ్చింది, కరెంటుకు ఎంత పోయింది, ఎంత మిగిలింది. గట్టిగా చదవాలె, అందరికీ వినబడేలా చదవాలె. ముల్కనూరులో డెబ్బై ఏళ్లు నిలిచింది ఈ అలవాటే. భవనాలు, మిల్లులు దాని తర్వాత వచ్చినవి. తమ లెక్క తాము వినే హక్కు ఉన్న మనిషి ఆ సంస్థను తనదనుకుంటాడు, తనదనుకున్న దాన్ని పాడు చేయడు.

అభినందిస్తూనే ముల్కనూరు వాళ్ల ముందు ఒకటి రెండు సంగతులు పెట్టడం పొరుగువాడి చనువు. మన ఊళ్లలో ఇప్పుడు చాలా పొలాలు కౌలుకు సాగవుతున్నాయి. భూమి కాగితం ఒకరి దగ్గర, చెమట ఇంకొకరిది. కౌలు రైతుకు సంఘంలో అప్పు, ఎరువు, కాంటా దొరికే తోవ ఎంత సులువైతే, సంఘం వచ్చే డెబ్బై ఏళ్లకు అంత గట్టిపడుతుంది. రెండోది, సభ్యుల పిల్లలు హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లిపోయారు. వాటా తండ్రి పేరిటే ఉంది. చదువుకున్న యువకుణ్ణి, యువతిని పాలకవర్గంలోకి పిలిచే పని ఇప్పుడే మొదలుకావాలె. డెయిరీ అక్కలు ఈ విషయంలో దారి చూపారు. పొదుపు లెక్కలు రాసిన పిల్లలే రేపటి నాయకులని వాళ్లు నమ్మారు, ఆ నమ్మకం వమ్ము కాలేదు.

జమ్మికుంట కూడా ముల్కనూరుకు తక్కువేమీ ఇయ్యలేదని మేం అనుకుంటాం. మా పత్తి మార్కెట్ ధర చూసుకునే అక్కడి రైతు తన పత్తి ధర లెక్క కడతాడు. మా కృషి విజ్ఞాన కేంద్రం నేర్పిన పద్ధతులు ఈ నాలుగైదు మండలాల పొలాలకు చేరాయి. కాజీపేట, బల్లార్షా రైలు దారి మీద మా స్టేషన్ నుంచి ఈ ప్రాంతం పంట ఎన్నో ఊళ్లకు పోయింది. కానీ పట్టణానికి మార్కెట్ ఉండడం వేరు, రైతుకు తన సొంత కాంటా ఉండడం వేరు. ఆ రెండోది ముల్కనూరు మాకు చూపించింది.

అందుకే కాశీవిశ్వనాథరెడ్డి గారి పేరును ఈ డెబ్బయ్యో ఏట గౌరవంగా తలుచుకుంటున్నాం. ఆయన తర్వాత సంఘాన్ని దీర్ఘకాలం నడిపించిన అలిగిరెడ్డి ప్రవీణ్‌రెడ్డి గారికి, పాలకవర్గాలకు, చీకట్లోనే లేచి పాల కేంద్రం తలుపు తీసే అక్కలకు, కాంటా దగ్గర చెమట తుడుచుకునే హమాలీలకు, లెక్క రాసే గుమస్తాలకు మా శనార్తులు. పేర్లు మనం తలుచుకోని ఆ తొలి 373 మందికి కూడా. వాళ్లలో చాలామంది ఈ రోజు లేరు. వాళ్ల ఆరేసి రూపాయలు ఇంకా పని చేస్తున్నాయి.

జమ్మికుంట, ఇల్లందకుంట, వీణవంక, హుజూరాబాద్ మండలాల సర్పంచులకు, వార్డు సభ్యులకు, మహిళా సంఘాల అక్కలకు, యువజన సంఘాల తమ్ముళ్లకు ఒక మనవి. వచ్చే గ్రామసభలో మీ ఊరి హాలు లెక్క చదవండి. లెక్క లేకపోతే ఒక పుస్తకం కొని ఆ రోజు తారీకు వేసి రాయడం మొదలుపెట్టండి. ఎట్ల రాయాలో తెలియకపోతే ముల్కనూరు దూరం లేదు, వెళ్లి అడిగి రండి.